పంపాం సరే, అందిందా?

నాకు భయం ఎక్కువ. ఈ సంగతి ముందే చెప్పేస్తే మీకూ నాకూ సుఖం. గ్యాస్ కట్టేశానో లేదోనని వీధి చివరిదాకా వెళ్ళి వెనక్కి వచ్చే రకం మనిషిని. "తాళంకప్ప రెండోసారి లాగి చూడందే ఈవిడ బస్సెక్కదు" అని మా ఆయన చుట్టాల దగ్గర నన్ను వేళాకోళం చేస్తుంటారు. చేస్తే చేశారు. గుంటూరులో ఒక విత్తనాల కంపెనీలో కంప్యూటర్ సెక్షన్ నడిపి ఈమధ్యనే రిటైరయ్యాను. ఆ భయమే నాకు అన్నం పెట్టిందని నా నమ్మకం.

నా సీట్లోకి వచ్చిన అమ్మాయి పేరు శ్రావణి. ఇంజనీరింగ్ చదివింది, చురుకైన పిల్ల. మొన్నామధ్య ఫోన్ చేసి, "మేడమ్, మన పోర్టల్ మెయిల్ సెట్టింగ్స్ గురించి ఏమైనా రాసిపెడతారా? సాఫ్ట్‌వేర్ వాళ్ళిచ్చిన పుస్తకంలో ఏ గడిలో ఏం నింపాలో ఉంది గానీ దేనికి భయపడాలో లేదు" అంది. ఆ మాట నాకు నచ్చింది. అందుకే కూర్చుని రాస్తున్నాను. నాకొచ్చిన ప్రమోషన్లూ, రాకుండా పోయిన ప్రమోషన్లూ ఇందులో ఉండవు. అవి మా ఆయన ఇప్పటికే చాలాసార్లు విన్నారు.

ఒక మెయిల్ చేరవలసిన చోటికి చేరకపోతే కనిగిరి దగ్గర ఆదెమ్మ అనే కౌలు రైతు నారుమడి ఏమైందో చెప్పడమే నా ఉద్దేశం. మెయిల్ సెట్టింగ్స్‌కీ నారుమడికీ ఏం సంబంధమని మొదట్లో నేనూ అనుకున్నాను.

ఆకుపచ్చ అక్షరాలు

మా కంపెనీ మిరప, పత్తి విత్తనాలు తయారుచేసి గుంటూరు, ప్రకాశం ఊళ్ళలోని డీలర్లకు పంపుతుంది. డీలరంటే విత్తనాలూ పురుగుమందులూ అమ్మే కొట్టు యజమాని. ఒకప్పుడు ఆర్డర్లన్నీ ఫోన్ మీదే నడిచేవి. తరవాత ఒక వెబ్ అప్లికేషన్ కొన్నాం. అందరం దాన్ని పోర్టల్ అనేవాళ్ళం. డీలరు అందులో ఆర్డరు పెడితే, సరుకు బయల్దేరినప్పుడూ బిల్లు తయారైనప్పుడూ అదే మెయిల్ పంపుతుంది. ఇవి కాక ఇంకొకటుంది. ఒకే విడతలో శుద్ధిచేసి ఒకే నంబరు వేసిన విత్తనాన్ని లాట్ అంటాం. ఏదైనా లాట్‌లో లోపం బయటపడితే "అమ్మకం ఆపండి" అనే నోటీసు కూడా పోర్టల్ నుంచే వెళ్ళాలి.

ఈ మెయిళ్ళన్నీ ఎలా వెళ్ళాలో చెప్పే పేజీ ఒకే ఒక్కటి. సర్వర్ పేరు, పోర్టు నంబరు, యూజర్ పేరు, పాస్‌వర్డ్, ఎవరి పేరు మీద వెళ్ళాలి, జవాబు ఎవరికి రావాలి. కింద టెస్ట్ మెయిల్ బటను. సర్వరంటే మన ఉత్తరం మోసే పోస్టాఫీసు, పోర్టంటే అందులో మనం నిలబడాల్సిన కౌంటరు. పొరపాటున వేరే కౌంటరు దగ్గర నిలబడితే కిటికీ తెరుచుకోదు. పాస్‌వర్డ్ తప్పితే పేజీ ఎర్రక్షరాల్లో తిడుతుంది. తిట్టినంతసేపూ నాకు భయంలేదు. తప్పెక్కడో వెతుక్కుని దిద్దుకుంటాను.

నా భయమల్లా ఆకుపచ్చ అక్షరాలతోనే. "విజయవంతంగా పంపబడింది" అని పచ్చగా వస్తుంది. మన పోస్టాఫీసు కవరు పుచ్చుకుంది అని మాత్రమే దానర్థం. అవతలివాళ్ళ ఇంటికి చేరిందనీ కాదు, వాళ్ళు చింపి చదివారనీ కాదు. ఫ్యాను ఆగితే చెమట పోస్తుంది. ప్రింటరు ఆగితే పక్కసీటాయన అరుస్తాడు. మెయిళ్ళు ఆగిపోతే ఆఫీసు హాయిగా ఉంటుంది. ఈ ఉద్యోగంలో మీకు హాయిగా అనిపించిన రోజున లేచి ఒకసారి చూసి రండి.

పెళ్ళిభోజనంలో మారిన పాస్‌వర్డ్

మా యజమాని రాఘవరావుగారు. వ్యవసాయ కుటుంబంలో పుట్టి, చిన్న విత్తనాల కొట్టుతో మొదలుపెట్టి పైకొచ్చిన మనిషి. గొంతు పెద్దది, కోపం చిన్నది. పోర్టల్ పెట్టిన కొత్తలో మెయిళ్ళు ఆయన సొంత అకౌంటు నుంచే వెళ్ళేవి. అందరూ ఉచితంగా వాడుకునే మామూలు అకౌంటు.

"డీలరుకి నా పేరు కనబడాలమ్మా. నా పేరుంటేనే తెరుస్తాడు" అనేవారు.

ఒకసారి ఏదో పెళ్ళిలో పక్కాయన ఆయన్ని బెదరగొట్టాడట, అకౌంట్లన్నీ దొంగల పాలవుతున్నాయని. ఈయన అక్కడే బంతిలో కూర్చుని, ఎడమచేత్తో పాస్‌వర్డ్ మార్చేసి, కుడిచేత్తో పులిహోర తిని వచ్చారు. మాకెవరికీ చెప్పలేదు. పాపం పోర్టల్ పాత పాస్‌వర్డ్‌తో తలుపు తడుతూనే ఉంది. మూల ఎక్కడో ఎర్రక్షరాలు వస్తూనే ఉన్నాయి గానీ ఆ మూలకు చూసే అలవాటు అప్పటికి ఎవరికీ లేదు. చివరికి సింగరాయకొండ డీలరు ఫోన్ చేశాడు.

"ఏమండీ, చెప్పాపెట్టకుండా లారీ పంపితే ఎట్టాగండీ? నేను కొట్టుకి తాళమేసి కొండ మీద దర్శనం క్యూలో ఉన్నాను. ఆ డ్రైవరేమో దించుకోకపోతే తిరిగి గుంటూరు పోతానంటున్నాడు!"

రాఘవరావుగారు మొదట డ్రైవర్ని, తరవాత నన్ను, ఆఖరికి పెళ్ళిలో పక్కన కూర్చున్నాయన్ని తిట్టారు. అప్లికేషన్‌కి దాని సొంత అకౌంటు ఉండాలి. మనిషి పాస్‌వర్డ్ మీద అది బతకకూడదు. మనుషులకు పెళ్ళిళ్ళుంటాయి, కోపాలుంటాయి, మతిమరుపులుంటాయి.

ఇంటివంట ఇంట్లోనే రుచి చూస్తే

దాంతో కంపెనీ పేరు మీద మెయిల్ సర్వీసు కొన్నాం. హైదరాబాద్ నుంచి సాఫ్ట్‌వేర్ కుర్రాడొకడు వచ్చి గడులన్నీ నింపి, నా ఆఫీసు అడ్రసుకి టెస్ట్ మెయిల్ కొట్టాడు. కన్ను మూసి తెరిచేలోగా వచ్చింది. "అయిపోయింది మేడమ్" అని బ్యాగు భుజాన వేసుకున్నాడు.

"బయటివాళ్ళెవరికైనా పంపు నాయనా" అన్నాను.

"వచ్చింది కదా మేడమ్."

"మన కంపెనీ నుంచి మన కంపెనీకే వచ్చింది. గుమ్మం దాటలేదు. మా ఆయనకి పంపు."

మా ఆయన బడిపంతులు. ఫోన్ చేసి అడిగితే రాలేదన్నారు. స్పామ్ అనే చెత్తబుట్టలో చూడమంటే, ఆ బుట్ట ఎక్కడుందో చెప్పడానికే చాలాసేపు పట్టింది. అందులో దొరికింది. కారణం తరవాత తెలిసింది. కొత్తవాడొకడు మన పేరు చెప్పుకుని ఊళ్ళోకి వెళితే "నిన్నెవరు పంపారు?" అని నిలదీస్తారు కదా. మెయిల్ లోకంలోనూ అంతే. ఈ సర్వరు మా తరఫునే మాట్లాడుతుందని కంపెనీ డొమైన్‌లో, అంటే ఇంటర్నెట్లో మన పేరున్న చిరునామాలో, ముందుగా నమోదు చేసి ఉంచాలి. ఆ కుర్రాడు అది చెయ్యలేదు. బ్యాగు దించి చేశాడు. మొహం చిట్లించుకుంటూనే చేశాడనుకోండి.

ఆ రోజు నుంచి ఏ గడిలో ఏ అక్షరం మార్చినా నా పరీక్ష మెయిల్ మా ఆయనకే వెళ్ళేది. ఆయన ఇన్‌బాక్సు నిండా "ఇది పరీక్ష, పట్టించుకోకండి" అనే ఉత్తరాలే. "మన పెళ్ళయ్యాక నువ్వు నాకు రాసినవి ఇవేగా" అని దెప్పేవారు.

కందకు లేని దురద

ఇక్కడ మా యజమానిని కాస్త విమర్శించక తప్పదు. ఆయన ఇది చదివినా ఏమీ అనుకోరని నా ధైర్యం.

మెయిళ్ళు సవ్యంగా వెళ్ళడం మొదలుపెట్టాక ఆయనకి ఉత్సాహం వచ్చింది. రోజూ పొద్దున్నే ప్రతి డీలరుకీ గోడౌన్లో ఏ సరుకు ఎంతుందో మెయిల్ వెళ్ళాలన్నారు. పండగొస్తే ఆయన ఫోటోతో శుభాకాంక్షలు. వాన పడితే ఒకటి, పడకపోతే ఒకటి. పైగా డీలర్ల జవాబులు మనకి వస్తే ఆఫీసులో పని సాగదని, "దయచేసి జవాబివ్వకండి" అనే అడ్రసు నుంచి పంపమన్నారు. చేరకుండా తిరిగొచ్చే మెయిళ్ళు కూడా ఆ అడ్రసుకే వస్తాయి. దాన్ని తెరిచేవాళ్ళు లేరు.

"సార్, మనం రోజూ పలకరిస్తే వాళ్ళు చూడ్డం మానేస్తారు. నిజంగా అవసరమైన రోజున ఏం చేస్తాం? జవాబులు కూడా రానివ్వండి, నేను చూసుకుంటాను" అన్నాను.

"ఇంతవరకూ ఒక్క డీలరన్నా విసుక్కున్నాడా? కందకు లేని దురద కత్తిపీటకెందుకమ్మా?"

నేను పట్టుబట్టాను, ఆయన వినలేదు. జీతం తీసుకునేవాళ్ళం కనుక అక్కడితో ఆగాను. ఆ రోజు నుంచి పొద్దున్నే పోర్టల్ అన్ని మెయిళ్ళూ పచ్చగా పంపేస్తుంటే చూస్తూ కూర్చునేదాన్ని. ఒక్కటీ తిరిగిరాదు, ఒక్కరూ మాట్లాడరు. అందరూ చదివేస్తున్నారని రాఘవరావుగారి నమ్మకం. నాకా నమ్మకం లేదు.

ప్రశాంతంగా ఉంది మేడమ్

ఆదెమ్మ సంగతికొస్తాను. మా విత్తనాల ప్యాకెట్ మీద అచ్చువేసే ఫోన్ నంబరు నా బల్ల మీద మోగేది. చిన్న కంపెనీ, వేరే మనిషిని పెట్టే స్తోమత లేదు. ఒక ఏడాది ఆదెమ్మ ఫోన్ చేసింది.

"ఏవమ్మాయ్, గింజలు నానబెట్టి చల్లాలా, పొడిగానే చల్లాలా?"

"నేను కంప్యూటర్ మనిషినమ్మా, నాకు తెలీదు."

"తెలీనిదానివి ఫోనెందుకు ఎత్తావు? కనుక్కొని చెప్పు."

కనుక్కొని చెప్పాను. అప్పటినుంచి నేనామెకి వ్యవసాయ శాస్త్రవేత్తనైపోయాను. మొగుడు పోయాక రెండెకరాలు కౌలుకి తీసుకుని ఒక్కతే మిరప పండిస్తోందని ఆ ఫోన్లలోనే తెలిసింది. నారు పోసే ముందు నన్ను అడక్కుండా గింజ చల్లేది కాదు. నేను మా వ్యవసాయ విభాగాన్ని అడిగి చెప్పేదాన్ని. ఇంతా చేసి ఆమె మొహం నేనెప్పుడూ చూడలేదు.

ఆ ఏడు నారుమళ్ళు పోసే అదనులో మా ఆయన కంటికి శుక్లం ఆపరేషన్ జరిగింది. నేను సెలవు పెట్టాను. నా సీట్లో అకౌంట్స్ శ్రీనివాసుని కూర్చోబెట్టారు. సరిగ్గా అప్పుడే ఒక లాట్ మీద పరీక్ష ఫలితం వచ్చింది. ప్రతి లాట్ నుంచీ కాసిని గింజలు విడిగా నాటి కాపు దాకా పెంచి చూస్తాం. ఆసారి వానలకి ఆ తోట వెనకపడి, ఫలితం సరుకు డీలర్లకి చేరాక వచ్చింది. సగం మొక్కలు వేరే రకం. ప్యాకింగ్‌లో రెండు రకాలు కలిసిపోయాయి. ఇలాంటి గింజ చక్కగా మొలుస్తుంది, నారు పచ్చగా ఉంటుంది, తోట ఏపుగా పెరుగుతుంది. మోసం కాపు దగ్గర బయటపడుతుంది. అప్పటికి రైతు ఏడాది అయిపోతుంది.

రాఘవరావుగారు వెంటనే ఆ లాట్ అమ్మకం ఆపమన్నారు. ఆ విషయంలో ఆయన్ని తప్పుపట్టలేను. నోటీసు పోర్టల్ నుంచి వెళ్ళింది. డీలర్ల వాట్సాప్ గ్రూపులో మాత్రం పెట్టవద్దన్నారట. పెడితే అరగంటలో జిల్లా అంతా తిరిగి, మంచి లాట్లు కూడా ఎవరూ కొనరని ఆయన భయం. ఎవరి భయాలు వాళ్ళవి.

సెలవు ముగించి నేను ఆఫీసుకొచ్చేసరికి ఇదంతా జరిగి పదిరోజులు దాటింది. తెర మీద అన్నీ పచ్చక్షరాలే.

"డీలర్లు ఏమన్నారు శ్రీనివాసూ?" అని అడిగాను.

"ఏమీ అనలేదు మేడమ్. ఒక్క ఫోనూ రాలేదు. చాలా ప్రశాంతంగా ఉంది."

మంచి అదనులో, అమ్ముడుపోయే సరుకు ఆపమంటే మన డీలర్లు ఊరుకుంటారా? లారీ ఒక్కరోజు ఆలస్యమైతేనే ఫోన్లో మన ఏడు తరాలనీ పలకరిస్తారు.

"ఒక పెద్దావిడ మాత్రం చేసిందండీ" అన్నాడు శ్రీనివాసు. "మీరెక్కడికెళ్ళారని అడిగితే చెప్పాను. నారు పోసుకోవచ్చా అంది. పోసుకోండి అన్నాను."

"ఏ లాటో అడిగావా?"

అడగలేదన్నాడు. అడగాలని అతనికెలా తెలుస్తుంది? తప్పు అతనిది కాదు. ఆదెమ్మ నంబరుకి చేశాను. స్విచాఫ్. మళ్ళీ చేశాను. పొలంలో ఉంటే ఆమె ఫోనుకి ఛార్జింగు ఉండదు. కనిగిరిలో ఆమెకి విత్తనాలమ్మే గోవిందయ్యకి చేశాను.

"గోవిందయ్యగారూ, లాట్ ఆపమని మెయిల్ పంపాం, చూశారా?"

"మెయిలా? ఏం మెయిలండీ?"

"మీ అడ్రసుకే పంపాం."

"ఓ అదా! అది మాది కాదండీ, ఒంగోలు ఆడిటర్‌గారిది. పన్ను రిజిస్ట్రేషన్ చేయించినప్పుడు ఆయన అడ్రసే పెట్టారు. అప్పట్నించీ ఎవరడిగినా అదే ఇస్తాం. ఇక్కడ కొట్లన్నిటికీ ఆయనదేనండీ. ఇంతకీ ఏ లాట్ ఆపమంటారు?"

నంబరు చెప్పాను.

"అమ్మేశానండీ. మొన్న వారమంతా అదే అమ్మాను."

"ఆదెమ్మకి?"

"ఆవిడకీ అదే ఇచ్చానండీ."

ఒంగోలు ఆడిటర్ ఆఫీసుకి చేశాను. అక్కడి గుమస్తా నా కంపెనీ పేరు వినగానే దండం పెట్టినంత పనిచేశాడు. "మీరాండీ! ప్రతి కొట్టు పేరుమీదా రోజూ అదే మెయిల్ మాకే వస్తోందండీ. రిటర్నులు వేసుకునే పని మాకు. భరించలేక అన్నిటినీ స్పామ్‌లో వేసేశాం" అన్నాడు. ఒకచోట ఇన్ని మెయిళ్ళు చెత్త అని ముద్ర వేస్తే, మెయిల్ కంపెనీ మిగతా వాళ్ళ దగ్గర కూడా మనల్ని చెత్తబుట్టకే పంపడం మొదలుపెడుతుంది. చీమకుర్తి డీలరుకి సొంత అడ్రసుంది, ఫోన్ చేసి వెతకమంటే అతనికీ నోటీసు స్పామ్‌లోనే దొరికింది. సర్వరు సరిగ్గా ఉంది, పోర్టు సరిగ్గా ఉంది, పాస్‌వర్డ్ సరిగ్గా ఉంది. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టయింది మా పని.

ఒంగోల్లో నాకెవరున్నారు?

రాఘవరావుగారి గదిలోకి వెళ్ళి నిలబడ్డాను.

"సార్, మన నోటీసు ఎవరూ చూడలేదు."

"పోయిందన్నారుగా?"

"పోయింది సార్. ఆడిటర్ చెత్తబుట్టలోకి పోయింది. గింజలు జనం చల్లేశారు. ఇప్పుడైనా చెబితే నారు దశలోనే ఆగుతుంది. నాటితే ఇక చెప్పినా లాభంలేదు. వాట్సాప్‌లో పెట్టనివ్వండి."

ఆయన అటూ ఇటూ తిరిగారు. కిటికీ దగ్గర ఆగారు. నాకేమో గడియారం వైపు చూడ్డానికి కూడా భయం వేసింది.

"పేరు పోతే ఎట్టాగో మళ్ళీ తెచ్చుకుంటాం. అదను పోతే ఆ రైతు ఎక్కణ్ణుంచి తెచ్చుకుంటాడు? పెట్టమ్మా" అన్నారు.

పెట్టాను. అంతే, ఫోన్లు మొదలయ్యాయి. నా బల్ల మీదది, ఆయన జేబులోది, గోడౌన్‌లోది, అన్నీ మోగాయి. "మీ కంపెనీకి బుద్ధుందా", "రైతులొచ్చి కాలర్ పట్టుకుంటే మీరొస్తారా" అని ఒక్కొక్కరూ దులిపేశారు. ఆ తిట్లు వింటుంటే నాకు ప్రాణం లేచొచ్చింది. తిడుతున్నారంటే అందిందన్నమాట. ప్రతి తిట్టునూ ఏ ఊరినుంచి వచ్చిందో గుర్తుపెట్టుకున్నాను. తిట్టని ఊళ్ళకి నేనే ఫోన్ చేసి తిట్టించుకున్నాను.

ఆదెమ్మ మాత్రం దొరకలేదు. ఆ రాత్రంతా నాకు నిద్ర లేదు. మర్నాడు పొద్దున నేను సీట్లో కూర్చోగానే ఫోన్ మోగింది.

"అమ్మాయ్, నేనే! ఎటు పోయావే ఇన్నాళ్ళూ? మీ ఆయనకి కన్ను బాగయిందా? నా నారు చూడాలి నువ్వు. దువ్వెన పళ్ళల్లే లేచింది. ఇంత బాగా ఎన్నడూ మొలవలా."

"ప్యాకెట్ మీద నంబరు చదవండమ్మా" అన్నాను. ఒక్కొక్క అంకే చదివింది. ఆఖరి అంకె దాకా ఇది వేరే లాట్ అయితే బాగుండునని దేవుడికి మొక్కుకుంటూనే ఉన్నాను. అదే లాట్.

"ఆదెమ్మగారూ, ఆ నారు నాటొద్దు. పీకెయ్యాలి."

"నీకేమన్నా మతి పోయిందా? పచ్చగా నవనవలాడతా ఉంటే పీకమంటావేంటి?"

విషయమంతా చెప్పాను.

"మీకెప్పుడు తెలిసింది ఇది?"

"మీరు ప్యాకెట్ కొనకముందే తెలిసిందమ్మా. వెంటనే పంపాం."

"ఎక్కడికి పంపారు?"

అబద్ధం చెప్పలేకపోయాను. "ఒంగోలుకి" అన్నాను.

"ఒంగోల్లో నాకెవరున్నారే అమ్మాయ్?"

ఫోన్ పెట్టేసింది. నేను రిసీవర్ పట్టుకుని అలాగే కూర్చున్నాను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో సాఫ్ట్‌వేర్ వాళ్ళు, ఆడిట్ వాళ్ళు, తనిఖీ వాళ్ళు నన్ను ఎన్నో ప్రశ్నలడిగారు. దేనికీ అలా ఏడవలేదు.

శ్రీనివాసు వెళ్ళి చెప్పినట్టున్నాడు, రాఘవరావుగారు బయటికొచ్చి నన్నో క్షణం చూసి, డ్రైవర్ని కేకేశారు. మంచి లాట్ ప్యాకెట్లు కారులో వేసుకుని స్వయంగా కనిగిరి బయల్దేరారు. అక్కడ జరిగింది ఆయనే తరవాత చెప్పారు. గోవిందయ్య దారి చూపిస్తే పొలానికి వెళ్ళారట. ఆదెమ్మ మడి పక్కన గట్టు మీద కూర్చుని ఉంది. ఈయన ఎంత చెప్పినా కదల్లేదు.

"నా చేత్తో నేను పీకను. అంత మొలక నేను పీకలేను. గింజ నీది, నువ్వే పీకు" అంది.

ఆయన చెప్పులు విప్పి, ప్యాంటు మడిచి మడిలోకి దిగారు. మడి చివరికంటా పీకారు. పీకుతున్నంతసేపూ ఆమె ఏడుస్తూనే ఉందట. అయిపోయాక మంచినీళ్ళిచ్చి, "ఆ కంప్యూటరమ్మాయిని ఏమనమాక. దానికేం తెలుసు పాపం" అందట. ఆయన మర్నాడు ఆఫీసుకొచ్చినప్పుడు గోళ్ళ సందుల్లో మట్టి ఇంకా ఉంది. నా బల్ల దగ్గర ఆగి, "రోజూ పంపే మెయిళ్ళు ఆపెయ్యమ్మా" అన్నారు. అంతకుమించి మేమిద్దరం దాని గురించి మాట్లాడుకోలేదు.

మళ్ళీ పోసిన నారుతో ఆదెమ్మ తోట ఆలస్యంగా ఎర్రబడింది. చుట్టుపక్కల తోటల్లో కోతలు సగమయ్యాక ఈమెకి మొదలైంది. పంట ఓ మోస్తరుగా వచ్చింది. ఇంకొంచెం ఆలస్యమైతే అదీ ఉండేది కాదని మా వ్యవసాయ విభాగం వాళ్ళన్నారు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు భయమేస్తుంది.

శ్రావణికి

ఇప్పుడు నువ్వు చూస్తున్న సెట్టింగ్స్‌లో కొన్ని వింతగా కనబడతాయి. అవి అందుకే అలా ఉన్నాయి. జవాబులు నీ పెట్టెకే వస్తాయి. రోజూ తెరువు, తిట్లున్నా తెరువు, తిట్లుంటే ముందు తెరువు. తిరిగొచ్చిన మెయిళ్ళు కూడా అక్కడికే వస్తాయి, వాటిని పారెయ్యకు. లాట్ ఆపే నోటీసులో "చూశాను" అనే బటనుంది. మధ్యాహ్నంలోగా అది నొక్కని డీలరుకి ఫోన్ చెయ్యాలి. మన ఫీల్డ్ వాళ్ళు కొట్టుకొట్టుకీ తిరిగి డీలర్ల సొంత అడ్రసులు పట్టుకొచ్చారు. కొత్త డీలరు వచ్చినప్పుడు అడ్రసు రాసుకుని ఊరుకోకు. ఒక మెయిల్ పంపి, ఫోన్ చేసి, అందులో ఏముందో అతని నోటితో చదివించు. నవ్వుతారు, నవ్వనీ.

తెర మీద "విజయవంతంగా పంపబడింది" అనే మాట తీయించి "పంపాం, అందిందో లేదో కనుక్కోండి" అని పెట్టించింది నేనే. అలాంటి వాక్యం ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ ఉండదని ఆ హైదరాబాద్ కుర్రాడు చాలాసేపు వాదించాడు.

నువ్వు తెలివైనదానివి, నాకన్నా త్వరగా నేర్చుకుంటావు. తెలివి ఉన్నవాళ్ళకి భయం త్వరగా పోతుంది, నా దిగులంతా అదే. దాన్ని పోనివ్వకు.

ఈ ఏడు నారు పోసే రోజులొచ్చాయి. నేను ఇంట్లో కందిపప్పు ఎండబెట్టుకుంటుంటే ఆదెమ్మ నా సొంత నంబరుకి ఫోన్ చేసింది.

"ఏవమ్మాయ్, నీ సీట్లో ఎవర్నో కొత్తపిల్లని పెట్టారే. ప్యాకెట్ మీద నంబరు చదివించుకుని, చల్లుకోమంటోంది. చల్లుకోనా?"

"చల్లుకోండమ్మా. ఆ పిల్లకి అన్నీ తెలుసు."

"తెలిస్తే తెలిసిందిలే. ఎందుకైనా మంచిది, ఒంగోలుకేమన్నా పంపారేమో కనుక్కొని చెప్పు. నేను ఫోన్ పక్కనే పెట్టుకుని కూర్చుంటా."

నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. పప్పు అలాగే వదిలేసి నీకు ఫోన్ చేసి, ఆ లాట్ మీద ఏదైనా నోటీసుందేమో చూడమన్నాను గుర్తుందా? ఏమీ లేదన్నావు. ఇంకోసారి చూడమన్నాను. విసుక్కోకుండా చూశావు. ఆ తరవాత ఆమెకి చెప్పాను, అప్పుడు చల్లింది.